వంతెన కాపలావాడికి సెలవు

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలం అనుకునేరు. మొన్నమొన్నటి సంగతే, మనమంతా ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్లో ఉన్నప్పటిది. నాకప్పటికే అరవై దాటాయి. అయినా ఆ పనులు చేసింది పెద్దమనిషంటే ఎవరూ నమ్మరు గనక, నా చిన్నతనం కిందే జమకట్టండి. (చిన్నోడా, నువ్వప్పటికి పాలసీసా వదల్లేదు, నీకు తెలీదు, విను.)

పెద్దదానా, నువ్వు టీవీలో ఒక ఆట ఆడేదానివి, గుర్తుందా? కత్తి పట్టుకున్న పిల్ల వంతెన దాటి కోటకి చేరాలి. ఆ కథకి ముందు ఏం జరిగిందో చెబుతూ ఆట తీసినవాళ్ళే ఒక బొమ్మల సీరియల్ కూడా తీశారు. (కార్టూన్ అంటే నీకు కోపం. "యానిమే అనాలి నానమ్మా" అనేదానివి.) నీకేమో ఆడటానికే టైము చాలేది కాదు, చూసే పని నాకు పడింది. నువ్వు స్కూలుకి వెళ్ళగానే హిందీలో పెట్టుకుని, వంకాయలు తరుగుతూ చూసేదాన్ని. అందులో వంతెన కాపలావాడున్నాడే, ఆ కొమ్ములవాడు, వాడి మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. చెల్లెలి పెళ్ళికి సెలవడిగితే పై అధికారి ఇవ్వలేదు పాపం. వాళ్ళమ్మ వాడి వాటా లడ్డూలు డబ్బాలో దాచి ఎదురుచూసింది. మీ నాన్నలాంటి ఫౌజీని, సైనికుణ్ణి కన్న తల్లిని, నాకు ఏడుపు రాదూ!

ఇంతలో మీ నాన్నకి బదిలీ వచ్చింది. తెల్లారితే సామాన్లు లారీ ఎక్కాలి. టీవీ అట్టపెట్టెలోకి పోయేలోగా ఆట పూర్తి చెయ్యాలని నువ్వు పంతం పట్టావు. నేను టీ గ్లాసుతో వచ్చి చూద్దును కదా, నీ కత్తికి ఎదురుగా వాడే! గభాల్న వెళ్ళి టీవీకి అడ్డం నిలబడ్డాను.

"చంపకే తల్లీ, వాడికి సెలవు దొరకలేదే!"

"అరే నానమ్మా, హటో నా! వాడు విలన్!"

"విలనేమిటే, డ్యూటీలో ఉంటే!"

మీ నాన్న ప్యాకింగ్ టేపు చేత్తో పట్టుకుని వచ్చాడు. ఇద్దరి వాదనా విని, జడ్జీలా మొహం పెట్టి, "బదులు కాసే రిలీవర్ రాకుండా పోస్టు వదలకూడదమ్మా. వాడు చేసేది కరెక్టే" అన్నాడు.

నేను మురిసిపోయేలోపే వెనకనుంచి ఫెళ్ళుమని చప్పుడు. నా కొమ్ములవాడు గొడ్డలెత్తి నీ కత్తి పిల్లని రెండు ముక్కలు చేశాడు.

"లో, హో గయా! నీ బంగారుకొండ నన్ను నరికేశాడు!" అని నువ్వు ఒకటే ఏడుపు.

"ఒరే సన్నాసీ! ఆడపిల్ల మీదా గొడ్డలెత్తడం? మీ అమ్మ నేర్పింది ఇదేనట్రా?" అని నేను టీవీని పట్టుకుని తిట్టాను. మళ్ళీ ఆడవే, ఈసారి అడ్డం రాను అని బతిమాలితే, నువ్వు ముక్కు ఎగబీల్చి, "ఛోడో నానమ్మా. ఉండనీ వాణ్ణి" అన్నావు. టీవీ పెట్టెలోకి వెళ్ళింది, వాడు బతికిపోయాడు.

ఆ బదిలీతో మీరంత దూరం వెళ్ళిపోయారు, నేనిక్కడ మీ అత్త ఇంట్లో ఉండిపోయాను. బొమ్మ సిపాయి కోసం అంత రభస చేసినదాన్ని, మర్నాడు మీ నాన్న ట్రంకుపెట్టె ఎత్తుకుని బయల్దేరితే మాత్రం, గుమ్మంలోంచి పక్కకి జరిగి బుద్ధిగా దారిచ్చాను. ఆ పిచ్చిదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుందర్రా.