చుక్క మెడలో కాలర్

నిన్న సాయంత్రం చారుకి చింతపండు నానబెట్టి చేతులు కడుక్కుంటూ ఉంటే ఫోన్‌లో ఒక వీడియో వచ్చింది. తడి చేత్తోనే తెరిచాను. సన్నగా ఒక బీప్, వెంటనే ఇంకొకటి. అంతే, నా కాళ్ళ దగ్గర పడుకున్న మా కుక్క చుక్క దిగ్గున లేచి, తోక ముడుచుకుని డైనింగ్ టేబుల్ కిందికి వెళ్ళిపోయింది. దానికి వయసు మీద పడింది. చెవులు సరిగ్గా వినిపించవు, పక్కనే కుక్కర్ కూత వేసినా కదలదు. ఆ బీప్ మాత్రం వినిపించింది. వీడియోలో ఎవరో వేటకుక్కల మెడకి కట్టే, షాక్ కొట్టే ఎలక్ట్రానిక్ కాలర్ పట్టుకుని, రిమోట్ నొక్కి చూపిస్తున్నాడు. కింద మెసేజ్. "పద్మ గారూ, మేం కూడా పప్పీని తెచ్చుకున్నాం. పాయింటర్! దీనికి కాలర్ ఏది కొనమంటారు? మాక్సిమమ్ పవర్ ఎంత ఉంటే బెటర్? అనసూయ ఆంటీ దగ్గర అన్నీ నేర్చుకుంది మీరే కదా!" పంపినవాడు మురళి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ భూమ్మీద ఈ ప్రశ్న ఎవరడిగినా ఓపిగ్గా కూర్చుని చెప్పేదాన్నే. అడగకూడని మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడే అడిగాడు. పైగా ఆమె పేరెత్తాడు. ఫోన్ బోర్లా పెట్టేసి, టేబుల్ కింద నేల మీద చుక్క పక్కన కూర్చున్నాను. చారు సంగతి మర్చిపోయాను.

అనసూయ ఆంటీ షాంటిలీ అనే ఈ ఊళ్ళో మా వీధి చివరింట్లో ఉండేది. గుంటూరులో మెడిసిన్ చదివి, పెళ్ళి కూడా కాకుండా ఒంటరిగా ఈ దేశం వచ్చిన డాక్టరు. ఆపరేషన్లకి మత్తు ఇవ్వడం ఆమె పని. ఆస్పత్రిలో తోటి సర్జన్ ఒకాయన ఒకసారి కౌజు పిట్టల వేటకి రమ్మంటే సరదాగా వెళ్ళిందట, ఆ సరదా మరి వదల్లేదు. శుక్రవారం గుడికి నేత చీర కట్టుకుని వచ్చే మనిషి, శనివారం పొద్దున్నే బూట్లు తొడుక్కుని, నారింజ రంగు జాకెట్ వేసుకుని పొలాల్లోకి వెళ్ళేది. మా తెలుగువాళ్ళలో కొందరు ఆమెని 'పిట్టలావిడ' అనేవారు. ఆమెకి తెలుసు. తెలిసినా వాళ్ళ పిల్లలకి జ్వరమొస్తే అర్ధగంటలో వాళ్ళింట్లో ఉండేది.

మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆమె కారు నడపడానికి వీల్లేకపోయింది. ఒకరోజు మా తలుపు కొట్టి, "శనివారాలు ఖాళీయేనా అమ్మాయ్?" అంది. నేనప్పుడే ఉద్యోగం పోయి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్నాను. "ఖాళీనే గానీ, నాకు కుక్కలంటే భయం ఆంటీ" అన్నాను. "నిన్ను కుక్కని నడపమన్నానా? కారు నడపమన్నాను" అంది. అలా మొదలైంది. రెండో వారానికే నేను పొలంలో చుక్క వెనకాల నడుస్తున్నాను, ఆమె గట్టు మీద మడత కుర్చీలో కూర్చుని అరుస్తోంది.

చుక్క తెల్లటి ఒంటి మీద గోధుమ రంగు మచ్చలున్న పాయింటర్ జాతి కుక్క. గడ్డిలో పిట్ట వాసన తగిలిందంటే ఎక్కడిదక్కడ నిలబడిపోతుంది. ముందు కాలొకటి గాల్లో, తోక నిటారుగా, ఊపిరి తీస్తోందో లేదో తెలియదు. పిట్టలు ఇక్కడున్నాయని మనిషికి చెప్పడం అది. మనిషి వెళ్ళి పిట్టల్ని లేపేదాకా అది కదలకూడదు. మొదటిసారి చూసినప్పుడు నా ఒళ్ళు జలదరించింది. అంత ఆశని అదిమిపెట్టుకుని నిలబడ్డ ప్రాణిని నేనెక్కడా చూడలేదు.

ఆ ఏడాదే ఆమె పాత కాలర్ పాడైంది. కొత్తది కొనాలి. పొలం పక్కనే హైవే, జింక వెంట పడితే కుక్కకి మన గొంతు వినపడదు, అందుకే కాలర్. ఈ మాట తెలిసిన మురళి తానూ వస్తానన్నాడు. మురళి మా ఊరి తెలుగు సంఘానికి పెద్ద, ఏదో కంపెనీలో మేనేజరు, తనకీ వేట నేర్పమని ఆంటీ వెంట పడుతున్న రోజులవి. టీవీ కొన్నట్టే కాలర్ కూడా కొనాలనుకున్నాడు. రేంజ్ ఎంత, లెవెల్స్ ఎన్ని, యాప్ ఉందా అంటూ దారి పొడుగునా రివ్యూలు చదివి వినిపించాడు.

షాపులో ఇంకో తమాషా. అమ్మేవాడు ఆంటీ వైపు చూడను కూడా లేదు. జన్మలో తుపాకీ పట్టని మురళిని 'సర్, సర్' అంటూ, ఇది ఎంత దూరం పనిచేస్తుందో, ఎంత గట్టిగా తగులుతుందో చెబుతున్నాడు. ఆంటీ కాసేపు విని, "దీని షాక్ అన్నిటికన్నా తక్కువ ఎంతకి దిగుతుంది?" అని అడిగింది. వాడు మళ్ళీ మురళికే జవాబు చెప్పాడు, ఇది చాలా పవర్‌ఫుల్ అని. "అది కాదు నేనడిగింది. అడిగింది నేను, నాకు చెప్పు" అంది. వాడికి తెలియదు. ఏళ్ళుగా కాలర్లు అమ్ముతున్నవాడికి ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదట! ఇప్పుడు తలుచుకున్నా కోపమొస్తుంది నాకు, వాడి మీద కాదు, వాడి దగ్గర ఇంతకాలం కొన్నవాళ్ళందరి మీద.

ఈలోపు మురళి ఒక కాలర్‌ని తన మణికట్టుకి పెట్టుకుని నొక్కి చూసుకున్నాడు. "పర్లేదు ఆంటీ, తట్టుకోవచ్చు" అన్నాడు మగతనమంతా మొహంలో పెట్టుకుని.

"నువ్వు తట్టుకున్నావని దానికేం తెలుసురా?" అంది ఆంటీ. "నీ చర్మం వేరు, దాని చర్మం వేరు. పైగా నొక్కేది నువ్వేనని నీకు తెలుసు. దానికి తెలియదు."

ఆమె రిమోట్లన్నీ ఒక్కొక్కటిగా తన కోటు జేబులో వేసుకుని, చూడకుండా బొటనవేలితో బటన్లు తడిమింది. బీప్ ఏది, షాక్ ఏది చేతికి తెలియాలి. లెవెల్ తిప్పే చక్రం బిగువుగా ఉండాలి, జేబులో దానంతటది తిరిగిపోయే రకం ఎంత గొప్పదైనా వద్దంది. చివరికి తీసుకున్నది స్క్రీన్ కూడా లేని చిన్న మొద్దు రిమోట్. మురళి మొహం ముడుచుకున్నాడు.

పార్కింగ్ లాట్‌లోనే చుక్క మెడ పైభాగంలో, దవడ కింద పట్టీ కట్టింది. సున్నా నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క గీతే పెంచుతూ దాని చెవులవైపే చూసింది. ఒకచోట చుక్క చెవి, ఈగ వాలినట్టు, ఒక్కసారి కదిలింది. "చాలు. దీని లెక్క ఇది" అని అక్కడ ఆపేసింది. "జీవితమంతా మత్తు ఇచ్చినదాన్ని. ఎంత తక్కువతో పనవుతుందో వెతకడమే మా చదువు. ఎక్కువివ్వడానికి డాక్టరెందుకు?"

ఆమె పట్టుబట్టే సంగతులు ఇంకా ఉన్నాయి. కుక్కకి ముందు మాట రావాలి, కాలర్ తర్వాత. ఆగు, రా అనే రెండు మాటలూ తాడుతో నెలల తరబడి నేర్పాక గానీ రిమోట్ ముట్టుకునేది కాదు. నేర్పనిదానికి నొక్కకూడదు. నొక్కే ముందు పేరు పెట్టి పిలవాలి. ఇవన్నీ నాకు సులువుగానే ఒంటబట్టాయి. ఇంకొకటి మాత్రం చూస్తేగానీ అర్థం కాలేదు. ఒకసారి చుక్క ఎంత పిలిచినా రాకుండా వాగులో దిగింది. ఆంటీ గొంతు బొంగురుపోయాక, ఒళ్ళంతా బురదతో, నోట్లో కుళ్ళిన చేపతో, ఘనకార్యం చేసినట్టు తిరిగొచ్చింది. ఆంటీ మొహం జేవురించింది. రిమోట్ తీసి నా చేతిలో పెట్టి, "నాకు కోపంగా ఉంది. నువ్వు పట్టుకో" అని, కుంటుకుంటూ కారు చుట్టూ తిరిగొచ్చింది. "వచ్చేసింది కదమ్మా. ఇప్పుడు నొక్కితే వచ్చినందుకు కొట్టినట్టవుతుంది. కోపంగా ఉన్న చేతికి కొలత తెలియదు" అంది. తర్వాత చేప వాసన భరించలేక ఇద్దరం ఇంటిదాకా కిటికీలు తెరుచుకుని, చలికి వణుకుతూ వచ్చాం.

ఇక ఆ రోజు. చలికాలం మొదట్లో ఒక శనివారం. మురళి ఇద్దరు స్నేహితుల్ని కూడా వెంటపెట్టుకుని వచ్చాడు. ఆంటీ కుర్చీలో ఉంది, నేను ఆమె పక్కన ఉన్నాను. నియమాలన్నీ అతని నోటితో చెప్పించుకున్నాకే రిమోట్ ఇచ్చింది. చుక్క పొలం మధ్యలో పిట్టల ముందు నిలబడింది. కాలు గాల్లో, తోక నిటారుగా. ఇంతకన్నా బాగా ఏ కుక్కా నిలబడదు. స్నేహితులు ఫోన్లు తీశారు. ఫొటోకి మొహం కనబడాలని మురళి దాన్ని "రా, రా" అని పిలిచాడు. అది కదల్లేదు, కదలకూడదు కనుక. బీప్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. స్నేహితుల్లో ఎవరో నవ్వారు. ఆంటీ కుర్చీలోంచి లేచి "వద్దు!" అని అరిచింది. మురళి చక్రం చివరిదాకా తిప్పి నొక్కాడు.

చుక్క పెట్టిన కేక నాకింకా చెవుల్లో ఉంది. సరిగ్గా అదే క్షణంలో దాని ముక్కు ముందు పిట్టలన్నీ రెక్కలు టపటపలాడించుకుంటూ లేచాయి.

ఆంటీ మోకాలు సంగతి మరిచి పొలంలోకి నడిచింది. మురళి చేతిలోంచి రిమోట్ లాక్కుని, వెనక్కి తిరిగి, వెంట వచ్చిన నాకిచ్చింది. "నాకు కోపంగా ఉంది. నువ్వు పట్టుకో." అంతటి స్థితిలో కూడా! అప్పుడు అతని వైపు తిరిగింది.

"నా కుక్క ఏం తప్పు చేసిందిరా? చెప్పు."

"మాట వినట్లేదు ఆంటీ. ఎంత పిలిచినా రాదే! అందరి ముందూ..."

"పిట్టల దగ్గర కదలకుండా నిలబడమని నేను నేర్పాను. నిలబడింది. నేర్పింది నేర్పినట్టు చేసినందుకు షాక్ కొట్టావు దానికి. ఎవరో నవ్వారని."

"కుక్కే కదా ఆంటీ, సర్దుకుంటుంది."

"రిమోట్ నీ చేతిలో పెట్టిన తప్పు నాది. దాన్ని నేను మోస్తాను. నీది నువ్వు మొయ్యి. నా గుమ్మం తొక్కకు."

చుక్క సర్దుకోలేదు. పెరట్లో పిచ్చుక ఎగిరినా కారు కిందికి దూరేది. పిట్ట అంటే నొప్పి అని ఒక్క క్షణంలో నేర్చేసుకుంది, అంత బాగా ఎవరూ ఏదీ నేర్పలేరు. మురళి మోసింది మాత్రం ఏమీ లేదు. తర్వాతి నెల ఒకరింట్లో భోజనాల దగ్గర అందరూ అతన్నే ఓదార్చారు. "పాపం, అంతమంది ముందు మనిషిని అలా అంటారా, కుక్క కోసం!" అని ఒకావిడ. "అసలు ఆ కాలర్ కట్టడమే క్రూయల్, పైగా వేట" అని ఇంకొకాయన, మటన్ ముక్క చప్పరిస్తూ. ఆ ప్లేట్లోది చెట్టుకి కాసిందా అని అడిగాను. భోజనాలకి మళ్ళీ పిలవలేదు వాళ్ళు, నేనూ వెళ్ళలేదు.

ఆంటీ కాలర్ తీసి డబ్బాలో పెట్టేసింది. పెరటి చివర పంజరంలో ఒక పావురాన్ని ఉంచి, చుక్క అన్నం గిన్నె ఇటు చివర పెట్టింది. గిన్నెని అటువైపు జరుపుతూ పోయింది, రోజుకి ఒక అడుగు కూడా కాదు. చుక్క తినకపోతే మళ్ళీ వెనక్కి తెచ్చేది. విసుక్కునేది కాదు. "ఎన్నాళ్ళాంటీ ఇట్లా?" అంటే, "దానికెన్నాళ్ళు పడితే అన్నాళ్ళు. నాకేం, రిటైరయ్యాను" అనేది. ఆ చలికాలమంతా, మళ్ళీ వేసవంతా అదే పని. ఆకులు రాలే కాలానికి చుక్కని మళ్ళీ పొలంలోకి తీసుకెళ్ళాం. గడ్డి అంచున అది నిలబడింది. కాలు లేచింది, తోక లేచింది. నేను సంతోషం పట్టలేక ఆంటీ చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు చుక్క తల తిప్పి వెనక్కి చూసింది. వెనక ఎవరున్నారో, వాళ్ళ చేతిలో ఏముందో చూసింది. ఇంతకుముందు ఎన్నడూ అలా చూసేది కాదు. ఆంటీ రెండు అరచేతులూ చాపి దానికి చూపించింది. అది మళ్ళీ పిట్టల వైపు తిరిగింది. ఆమె మొహం పక్కకి తిప్పుకుంది, ఏడ్చిందని నాకు తెలుసు.

ఆ వెనకచూపు చుక్కకి ఎప్పటికీ పోలేదు. ఆంటీ పోయి మూడేళ్ళయింది. పోయేముందు చుక్కని నాకు అప్పగించింది. కాలర్ డబ్బా కూడా ఇచ్చింది గానీ నేనిప్పటిదాకా తెరవలేదు. ఉద్యోగం మళ్ళీ వచ్చింది, ఇప్పుడు నా కింద కొత్తగా వచ్చిన కుర్రవాళ్ళు పనిచేస్తున్నారు. నేర్పకుండానే అడిగి, చెప్పలేకపోతే మీటింగ్‌లో పదిమంది ముందు గడ్డిపెట్టే మేనేజర్లని రోజూ చూస్తున్నాను. వీసా వాళ్ళ చేతిలో ఉందని నోరెత్తని పిల్లల్నీ చూస్తున్నాను. ఆ పిల్లలు కూడా మాట్లాడే ముందు ఒకసారి వెనక్కి చూసుకుంటారు. నేను మాట్లాడతాను. అందుకే ఆఫీసులో నాకు నోటి దురుసని పేరు.

రాత్రి మురళికి జవాబివ్వలేదు. పొద్దున్నే చుక్కకి అన్నం పెట్టి, ఫోన్ చేశాను. ఆ పప్పీ ఎవరింటికి వచ్చిందో దానికి తెలియదు కదా.

"కాలర్ ఇప్పుడే కొనకండి. దానికింకా ఒక్క మాటా రాదు. ముందు మాట నేర్పాలి. ఎప్పుడైనా కొన్నా, షాక్ ఎంత తక్కువకి దిగుతుందో అడగండి" అన్నాను.

"అది సరేనండీ, మాక్సిమమ్ ఎంత ఉండాలి?" అన్నాడు.

చుక్క టేబుల్ పక్కన కూర్చుని నావైపే చూస్తోంది.

"శనివారం పప్పీని తీసుకుని మా ఇంటికి రండి. ప్రతి శనివారం రండి. నేను నేర్పుతాను, దానికీ మీకూ."

అతను మెల్లిగా అడిగాడు. "మీకు నామీద ఇంకా కోపం తగ్గలేదా పద్మ గారూ?"

"తగ్గలేదు. తగ్గదు కూడా. అందుకే రిమోట్ నేను పట్టుకోను. మీరూ ఖాళీ చేతులతో రండి. గుమ్మంలోకి రాగానే రెండు చేతులూ చుక్కకి చూపించండి."