మూడు కూతలేసిన చర్చి కంప్యూటరు

నేను మూడో తరగతిలో బడి మానేశానని మా బారువ చర్చి కమిటీ వాళ్లు పన్నెండేళ్లుగా నన్ను ఏ మిషనూ ముట్టనివ్వడం లేదు. ఫ్యాను ఆగినా, మోటారు కాలినా “నువ్వు కూకో మావా” అంటారు. ఈ ఊళ్లో సగం బోట్ల ఇంజన్లు బాగుచేసింది నేనే.

ఈ రోజు, వచ్చే ఆదివారానికి పాటల కాగితాలు తీద్దామంటే, ఎవరో వాడేశాక కొన్న మా పాత కంప్యూటరు లేవలేదు. మూడు కూతలేసి ఆగిపోతోంది. సెక్రటరీ నాకు మేనల్లుడు, డిగ్రీ చదివినోడు. గంటసేపు బటన్ నొక్కుతూనే ఉన్నాడు.

“తెర మీద ఏటీ రాలేదు మావా, నేనేటి సదవను?” అన్నాడు.

“సదవడం కాదురా, అది కూత్తంది, ఇను. లోపల ఏదో సరిగా తగల్లేదు. పెట్టె ఇప్పు,” అన్నాను.

మిషను వేడెక్కకూడదని వీళ్లు దాన్ని సముద్రం వైపు కిటికీలో పెట్టారు. ఉప్పుగాలికి లోపలంతా మసకబారింది. బోటు ప్లగ్గుకీ ఇదే జబ్బు. కరెంటు తీయించి, వాడు మెమొరీ అని చెప్పిన పట్టీ ఊడదీసి, దాని పసుపు పళ్లని పెన్సిలు రబ్బరుతో రుద్ది, గట్టిగా నొక్కి పెట్టాను. ఒకే కూత వేసి లేచింది!

పాటలన్నీ ప్రింటయ్యాయి. మేనల్లుడు టీ ఇప్పించాడు గానీ, “తప్పయింది మావా” అని మాత్రం అనలేదు. పోనీ, టీ బాగుంది.

కమిటీ వాళ్లంతా ఇది చదువుతారని తెలుసు. ఇకమీదట మిషన్లు నా చేతికిస్తారా లేదా, ఆదివారం చర్చి మొదటి గంట కొట్టేలోగా ఈ పోస్టు కిందే రాయండి. మిగతావాళ్లూ న్యాయం చెప్పండి. జవాబు రాకపోతే ఔనన్నట్టే. సోమవారం పొద్దున్నే, గరగరమంటున్న చర్చి మైకు పెట్టె విప్పేస్తాను.