అందుగు బంకా, నా మోకాళ్లూ

లింగాల వారపు అంగడిలో నా గాజుల గంప పక్కనే ఒక చెంచు అక్క కూర్చుంటుంది. అడవిలో ఏరిన బంక, తేనె తెచ్చి అమ్ముతుంది. ఇరవై ఏళ్లుగా మా ఇద్దరికీ ఒకటే టార్పాలిన్ పట్టా నీడ. పొద్దు తిరిగితే నేను ఇటు లాక్కుంటాను, ఆమె అటు లాక్కుంటుంది.

గాజులు తొడగడం నేల మీది పని. వచ్చినామె నా ఎదురుగా కూర్చోవాలి, ఆమె చెయ్యి నా ఒళ్లో ఉండాలి. నేను ఎత్తులో కూర్చుని పై నుంచి లాగితే ఆ చెయ్యి బిగుసుకుంటుంది, గాజు చిట్లుతుంది. అలా ముప్పై ఏళ్లు కూర్చున్న మోకాళ్లు పోయిన ఏడాది మొండికేశాయి. ఒకరోజు గంప పట్టుకుని లేవబోతే అది బోర్లా పడింది. ఎర్ర గాజులన్నీ చిట్లిపోయాయి. నాగర్‌కర్నూల్‌లో మా ఇంటికి నాకన్నా ముందే ఆ కబురు చేరింది.

"అమ్మీ, ఇగ అంగడి బంద్ చెయ్. ఇంట్ల కూసో" అన్నాడు నా కొడుకు.

"ఇంట్ల కూసుంటె నొయ్యవా మోకాళ్లు?"

"సరే, నెల చూస్త. చెయ్యి ఆనకుండ నేల మీంచి లేస్తివా, నీ అంగడి నీది. లేకుంటె ఆ గంప ఎవలకన్న ఇచ్చేస్త."

ఆ గంప మా అత్త నాకిచ్చింది. అది పోతే నాకు వారం ఎప్పుడు మొదలయిందో కూడా తెలియదు.

నా గోడు విని చెంచు అక్క నవ్వింది. "గింతదానికి పరేషాన్ ఎందుకే బూబక్కా? అందుగు బంక ఉన్నది గద!"

అందుగు చెట్టుకు గాటు పెడితే తేనెరంగులో కారి గట్టిపడే బంక అది. నిప్పుల మీద వేస్తే, గురువారం సాయంత్రం మా ఇంట్లో వేసే ఊదు పొగలాగే కమ్మగా ఉంటుంది. నువ్వుల నూనెలో కరిగించి, గుడ్డకు పూసి, మోకాలికి చుట్టమంది. శనగగింజంత ముక్కను బెల్లంలో పెట్టి పొద్దున్నే మింగమంది. నేను తొందరలో రోజూ రెండేసి ముక్కలు మింగాను. గడువు నెలే కదా!

నా కొడుకుకు బంక మీద నమ్మకం లేదు. ఊళ్లో డాక్టరమ్మకు చూపించాడు. ఆమె మోకాళ్లకు ఎక్స్‌రే ఫొటో తీయించి, పొద్దునొకటి, రాత్రొకటి వేసుకోమని గోలీల డబ్బా ఇచ్చింది. బంక సంగతి డాక్టరమ్మకు చెప్పలేదు, డాక్టరమ్మ సంగతి అక్కకు చెప్పలేదు. ఇద్దరి దగ్గరా మంచిదాన్ని అనిపించుకోవాలి కదా.

రెండు వారాలకు నొప్పి కాస్త తగ్గింది, కడుపు చెడింది. ఒకటే మంట, ఒకటే తిరుగుడు. అంగడికి పోలేక పండుకున్నాను.

అక్షరాలు నేను మనవరాళ్లు పుట్టాక నేర్చుకున్నాను, మా వాడలో సాయంత్రం బడిలో. అప్పటి నుంచి బస్సు బోర్డులు, పెళ్లి పత్రికలు, మిర్చీ బజ్జీలు కట్టిన కాగితాలు ఏవీ వదలను. మందు డబ్బా మాత్రం ఎప్పుడూ చదవలేదు. అది డాక్టర్లు చదువుకునేది అనుకున్నాను. ఆ రోజు మంచం మీద ఏమీ తోచక డబ్బా తిప్పి చూస్తే, ఒక పక్కన చిన్న తెలుగు అక్షరాలు. వేలు పెట్టి కూడబలుక్కున్నాను. అందుగు బంక సారం. మూడుసార్లు చదివాను. నవ్వీ నవ్వీ కడుపు ఇంకా నొచ్చింది.

డాక్టరమ్మ దగ్గరికి పోయి అంతా ఒప్పుకున్నాను. ఆమె కళ్లద్దాలు తీసి నవ్వింది.

"గోలీల ఉన్నది గూడ ఆ బంకల నుంచి తీసిందేనమ్మా, కొలిచి పెడ్తరు. నువ్వు కొలత లేకుండ పైనుంచి ఇంత మింగితివి. మీద పట్టీ వేసుకో, ఒళ్లు దురద పెట్టకుంటె చాలు. బంక తినుడు మాత్రం బంద్. ఇగో, ఇంకొకటి. దీంతోని కొందరికి నొప్పి తగ్గుతది గని అరిగిన మోకాలు మళ్ల మొలవదు. నేల మీద కూసోవద్దు."

నా కొడుకు పక్కనే ఉండి విన్నాడు. వాడు అనవలసింది ఆమే అనేసింది.

తరువాతి అంగడికి, ఇదే ఆఖరు అనుకుంటూ, వాడి బండి మీద పోయాను. ఖాళీ డబ్బా చూపిస్తే అక్క దాన్ని కళ్లకద్దుకుంది.

"మా చెట్టు డబ్బాలకెక్కిందా! మరి నీ మొఖం గట్లున్నదేంది?"

"నేల మీద కూసోవద్దంట అక్కా."

"అయితె పైన కూసో."

"నేను పైన కూసుంటె వాళ్ల చెయ్యి బిగుస్తది గద."

"వాళ్లను గూడ పైకెక్కియ్యరాదే, పిచ్చిదానా!"

ముప్పై ఏళ్లలో నాకు తట్టని మాట. నా కొడుకు కిసుక్కున నవ్వి, అంగడిలోకి పోయి రెండు ప్లాస్టిక్ స్టూళ్లు తెచ్చాడు. మొదట కూర్చున్నది ఒక ముసలామె. "నాయి గూడ మోకాళ్లే బిడ్డా. కింద కూసోలేక గాజులే మానేస్తి" అంటూ చెయ్యి చాపింది. ఆమెకు డజను ఆకుపచ్చవి తొడిగాను. ఒక్కటీ చిట్లలేదు.

అక్క ఆ డబ్బాను బంక కుప్ప మీద నిలబెట్టింది. బంక అడిగిన వాళ్లకల్లా నాతో చదివిస్తోంది. నేను చదివి, "ముందుగాల ఏం గోలీలు మింగుతున్నవో చెప్పు" అంటున్నాను.

"నా బేరం చెడగొడ్తున్నవే!" అని అక్క గుర్రుమంటోంది.

సాయంత్రం నా కొడుకు వచ్చేసరికి చెయ్యి ఆనకుండా లేచి నిలబడ్డాను.

"నేల మీంచి అన్న అమ్మీ, స్టూలు మీంచి కాదు" అన్నాడు.

"నేల మీద కూసోవద్దని డాక్టరమ్మ చెప్పలేదా?" అని గంప వాడి చేతికిచ్చాను, బండి మీద కట్టమని.