వరుస చివర నా నోరు

"నా చిన్నప్పుడు" అని నేనేదైనా మొదలుపెడితే మా అవ్వ ముక్కు మీద వేలేసుకుంటుంది. "నిన్నగాక మొన్న పుట్టినవ్, నీకేం చిన్నప్పుడే?" అంటుంది. అవ్వ లెక్కలో నేనింకా చిన్నదాన్నే. ఆదివారం పొద్దున సైకిళ్ళేసుకుని వచ్చే పిల్లలకు మాత్రం నేను పెద్దక్కను. అందరికన్నా గట్టిగా తొక్కేదానివి, నువ్వు చివర ఎందుకుంటావక్కా అని వాళ్ళు అడుగుతారు. అడిగిన ప్రతిసారీ చెప్పబోయి మధ్యలో ఇంకో మాటలోకి దూకేస్తాను. అందుకే ఈసారి రాద్దామని కూర్చున్నాను. ఇప్పటికే రెండుసార్లు లేచి నీళ్ళు తాగొచ్చాను.

కుదురు నాకు పుట్టుకతో లేదు. చిన్నప్పుడు అన్నం తింటూ తింటూ లేచి గడప దాకా వెళ్ళి రోడ్డు చూసొచ్చేదాన్ని. బడిలో బెంచీ మీద కూర్చుంటే కాళ్ళు ఊగేవి. మాది కన్నడ సీమ అంచున ఉన్న ఊరు, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. టీచరమ్మ కన్నడంలో కేకేస్తే కాళ్ళు ఆగేవి కానీ నోరు మొదలయ్యేది. కంటికి కనపడిందల్లా పైకి చెప్పడం నాకలవాటు. కాకి వాలింది, ఉల్లిగడ్డల బండొచ్చింది, ఎదురింటివాళ్ళు చీపురు కొత్తది కొన్నారు. మా నాయన తట్టుకోలేక, "రేడియోకైనా బటన్ ఉంటది" అనేవాడు.

ఎనిమిదో తరగతిలో మాకు సర్కారువాళ్ళు సైకిళ్ళిచ్చారు. ఆడపిల్లలకీ మగపిల్లలకీ అందరికీ ఇచ్చారు. అయితే ఆడపిల్లల సైకిళ్ళు ఇల్లు చేరేసరికి ఆడపిల్లలవి కాకుండా పోయేవి. మా వీధిలో ఒక సైకిలు మీద పాలక్యాన్లు ఊరేగేవి, ఒకదాని మీద ఎవరి అన్నో తిరిగేవాడు, ఇంకొకదాని మీద తడిబట్టలు ఆరేవి. ఇంట్లోవాళ్ళను అనడానికీ లేదు. యరమరస్ దగ్గర కరెంటు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. ఇసుక లారీలు, ఇనుము లారీలు మా హైస్కూలు ముందు నుంచే దుమ్ము లేపుకుంటూ పోయేవి. ఆ రోడ్డు మీదికి ఆడపిల్లను సైకిలిచ్చి పంపాలంటే ఎవరికైనా గుండె పీచుపీచుమనేది.

మా పక్కింటి అక్క ఒక్కతే ఆ రోడ్డు మీద సైకిలు తొక్కేది. స్టేషను దగ్గర జెరాక్సు అంగడిలో పనిచేసేది. వాళ్ళ నాయన వాడిన ఎత్తు సైకిలెక్కి, చున్నీ నడుముకు బిగించి కట్టుకుని పోతుంటే టీ హోటళ్ళ దగ్గర మగవాళ్ళు గ్లాసులు కిందికి దించి చూసేవాళ్ళు. రోడ్డు పక్కన సైకిళ్ళకు కాస్త జాగా వదలండని ఆమె, ఆమె స్నేహితురాళ్ళు ఇద్దరు మున్సిపాలిటీకి అర్జీ పట్టుకుపోయారట. అక్కడ కూర్చున్నాయన కిటికీలోంచి రోడ్డు చూపించి, "జాగా సరే, తొక్కేటోళ్ళేరమ్మా?" అన్నాడట. అక్క ఇంటికొచ్చి మా అమ్మతో ఆ మాట చెబుతూ పళ్ళు కొరికింది. "రోడ్డు మీద కనపడకుంటే లారీవాడు మనల్ని చూసుడు ఎప్పుడు నేర్చుకుంటడు చిన్నమ్మా? ఇంట్ల సైకిళ్ళకు బట్టలారేస్తే జాగా ఎవడిస్తడు?" అంది.

ఆ కోపంలోంచే ఆదివారం సైకిళ్ళు పుట్టాయి. వారానికి ఒక్క పూట మా సైకిళ్ళు మాకిమ్మని అక్క ఇంటింటికీ తిరిగి పెద్దవాళ్ళను ఒప్పించింది. పొద్దున ఎండ ఎక్కకముందే పిల్లలందరం స్టేషను పక్క మైదానంలో చేరడం, వరుసగా యరమరస్ మలుపు దాకా తొక్కి రావడం. మలుపు దగ్గర హోటల్లో అక్క స్నేహితురాళ్ళు ముందే వచ్చి గిన్నెడు సుస్ల చేసి పెట్టేవాళ్ళు. నానబెట్టిన బొరుగులకు ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తాలింపు. అది తింటేనే మా ఊళ్ళో తెల్లారినట్టు. చివరి సైకిలు వచ్చి స్టాండు వేసేదాకా ఎవరూ గిన్నె ముట్టకూడదని అక్క నియమం.

ఆ చివరి సైకిలు నాది కావాలని మొదటిరోజే అక్క తేల్చేసింది. నాకు ఏడుపొచ్చింది. అందరికన్నా వేగంగా తొక్కేది నేను. మైదానం చుట్టూ పందెం వేస్తే నన్ను ముట్టుకున్నవాళ్ళు లేరు.

"ఎనకల నేనెందుకక్కా? కట్టెలబండోళ్ళు సుత ముందరికెళ్తరు!"

"నువ్వే ఉండాలె. కండ్లకు కనపడేదంతా చెప్పుకుంట రా."

"అయితే నాకో సీటీ ఇయ్యి, ఊదుత."

"నీకు సీటీ ఎందుకే? నీకు నోరుంది."

పిల్లలంతా నవ్వారు. నా చెవులు మండాయి. వెక్కిరించిందనే అనుకున్నాను. వెనక్కి పోయి నిలబడ్డానే కానీ కాళ్ళు పెడళ్ళ మీద దురదపెట్టేవి. ముందున్న చక్రం ఎంత నెమ్మదిగా పోతే నేనూ అంత నెమ్మదిగా పోవాలి. ఆ కసి తీరేదాకా వాగేదాన్ని. గేదె వస్తోంది, గుంట ఉంది, లారీ వస్తోంది పక్కకు జరగండి, ఆ తాత పంచె ఎంత తెల్లగా ఉందో చూడండి.

నా ముందు ఎప్పుడూ ఒకే చక్రం ఉండేది. అది బట్టలంగడి పిల్లది. మా వీధి చివర ఉన్న చిన్న బట్టలంగడి సావుకారి బిడ్డ. అడిగితేనే మాట చెప్పే పిల్ల. లెక్కల్లో క్లాసుకంతా ఆమే ముందు, సైకిల్లో అందరికన్నా వెనక. మొదట్లో ఆమెను వాళ్ళ అన్న బండి మీద బడికి దింపేవాడు. ఆ అన్న చదువుకని హుబ్బళ్ళి పోయాక దింపేవాళ్ళు లేరు. ఆటోల్లో కిక్కిరిసి పంపడం సావుకారికి ఇష్టం లేదు. ఆదివారం అక్క వెంట పంపినా, రోజూ సైకిలు మీద బడికి పంపడమంటే భయం. బడి మానిపించాలనే ఆలోచనలో ఉన్నాడని వీధంతా తెలుసు. అక్క ఎన్నిసార్లు అంగడి మెట్లెక్కి అడిగిందో, చివరికి ఆయన ఒక్క మాటకు దిగాడు.

"ఈ ఆదివారం నేను మలుపు కాడ కూసుంట. మా బిడ్డ నా కండ్ల ముందరికి గీత పడకుండ రావాలె. వస్తే సోమవారం నుంచి సైకిలు మీద బడికి. రాకుంటే సైకిలు గోడౌన్ల పడ్తది, బిడ్డ ఇంట్ల ఉంటది. మళ్ళ నా అంగడి మెట్లెక్కొద్దమ్మా."

ఆ వారమంతా నాకు కాలు కాలిన పిల్లి బతుకే. ఆమె రాకపోతే బడిలో నా పక్కన ఎవరు కూర్చుంటారు? లెక్కలెవరు చూపిస్తారు? నా వాగుడు అంతసేపు ఎవరు వింటారు? సాయంత్రం కాగానే ఆమెను మైదానానికి లాక్కుపోయి తొక్కించేదాన్ని. ఆమె బ్రేకు పట్టుకునే తొక్కేది. బ్రేకు వదలవే తల్లీ అంటే కళ్ళు మూసుకునేది.

ఆదివారం వచ్చింది. సావుకారు తెల్లారగానే స్కూటరేసుకుని ముందే వెళ్ళిపోయాడు. మేం బయల్దేరాం. అందరికన్నా ముందు ఎత్తు సైకిలు మీద అక్క, మధ్యలో పిల్లలు, తర్వాత బట్టలంగడి పిల్ల, చివర నేను. ఆరోజు నా నోటికి రెక్కలొచ్చాయి. భయం వేస్తే నేనింకా ఎక్కువ మాట్లాడతాను. "బాగ తొక్కుతున్నవే, గట్లనే పో, ఎడంపక్క రాయి ఉంది, మీ నాయన మీసం చూడు ఎంత సంబరపడ్తదో" అని ఏదేదో అంటూనే ఉన్నాను. ఆమె మొదటిసారి బ్రేకు వదిలింది. చక్రం నా ముందు తేలిపోతుంటే కళ్ళారా చూశాను.

ఊరు దాటాక వెనక నుంచి ఇసుక లారీ వచ్చింది. చెప్పాను. అందరూ పక్కకు జరిగారు. లారీ గాలికి బట్టలంగడి పిల్ల చున్నీ నడుము దగ్గర ముడి ఊడి, కొస ఎగిరి చైనులో పడింది. చక్రం దాన్ని లోపలికి గుంజుకుంది. నేను చూస్తుండగానే ఆమె సైకిలుతో సహా మట్టిలోకి ఒరిగిపోయింది.

లారీ వెళ్ళిపోయింది. ఆమెకు పెద్ద దెబ్బేం తగల్లేదు. మోకాలు దోక్కుపోయింది, మోచెయ్యి గీసుకుంది. ఆమె మాత్రం మోకాలు చూసుకుని, నా మొహం చూసి, "గీత పడ్డది" అంది. అంతే. ఏడవను కూడా లేదు.

నాకు నోరు పెగల్లేదు. పుట్టాక అదే మొదటిసారి. అక్కా అని అరవాలి. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. ముందున్న సైకిళ్ళు దుమ్ములో దూరమైపోతున్నాయి. ఒక్కరూ తిరిగి చూడలేదు. సీటీ ఇచ్చి ఉంటే ఊదేదాన్ని కదా అని అక్క మీద కోపం కూడా వచ్చింది, ఆ కోపం కూడా గొంతులోనే ఉండిపోయింది. చైనులో చిక్కుకున్న చున్నీ లాగుతూ మట్టిలో కూలబడ్డాను.

అంతలో గంటలు వినిపించాయి. ఒకటి కాదు, వరుసగా. తలెత్తి చూస్తే సైకిళ్ళన్నీ వెనక్కి తిరిగి వస్తున్నాయి. పిల్లలు దిగి రోడ్డు అంచున నడిపించుకుంటూ వస్తున్నారు. వాళ్ళందరినీ దాటుకుని అక్క పరుగున వచ్చింది. ఎవరూ పిలవలేదు. ఎట్లా తెలిసిందో నాకర్థం కాలేదు. అక్క ఏమీ అడక్కుండా వెనక చక్రం పైకెత్తి, పెడలు వెనక్కి తిప్పి, చున్నీ కొంచెం కొంచెంగా బయటికి తీసింది. తన సీసాలో నీళ్ళతో మోకాలు కడిగింది.

ఇంత ఆలస్యమైతే సావుకారు ఊరుకుంటాడా? స్కూటరు వచ్చి ఆగింది. ఆయన దిగలేదు. బిడ్డ మోకాలు చూశాడు, మసి అంటిన చున్నీ చూశాడు. "ఎక్కు" అన్నాడు, వెనక సీటు చూపిస్తూ.

బట్టలంగడి పిల్ల తన సైకిలు హ్యాండిలు పట్టుకుంది.

"నాయనా, నేను తొక్కుకుంట వస్త."

ఆ పిల్ల ఇంట్లో ఎదురుమాట చెప్పడం ఆయన ఎన్నడూ విని ఉండడు. బిడ్డనేమీ అనలేక అక్క మీదికి తిరిగాడు.

"అందరికన్నా ముందర ఉన్నవ్ గదమ్మా. ఎనకల నా బిడ్డ పడ్డది నీకెట్ల తెల్సె? ఈడ లారీ తొక్కినా నువ్వు పోయి సుస్ల తింటుంటివి గద!"

అక్కకు ఊపిరి ఇంకా ఆడటం లేదు. చెయ్యెత్తి నన్ను చూపించింది.

"దీని నోరు ఆగింది, సావుకారు."

"ఏంది?"

"నేను తిరిగి చూస్తే సైకిలు ఒంకర పోతది. అందుకే దీన్ని ఎనకల పెట్టిన. ఇది వాగుతున్నంతసేపు అందరున్నరు అని తెలుస్తది. లారీ పోయినంక చప్పుడు లేదు. ఇది ఉత్తగ నోరు మూసుకునే పిల్లా, మీరే చెప్పుండ్రి?"

సావుకారు నన్ను చూశాడు. ఆయన అంగడి ముందు నుంచి నేను పోయినప్పుడల్లా, "ఏయ్, బేరం చెడగొడ్తవ్, జల్ది నడువ్" అని కసురుకునే మనిషి. నేను మట్టి చేతులతో, నోరు మూసుకుని, ఆయనకు కొత్తగా కనపడి ఉంటాను. ఆయన మీసం కొంచెం కదిలింది.

"నిజమే. ఇది నోరు మూసుకోంగ నేనెన్నడు చూడలే" అన్నాడు. స్కూటరు హ్యాండిలు తుడిచాడు. తర్వాత, "సరే, తొక్కుండ్రి. నేను ఎనకల వస్త" అన్నాడు.

మలుపు దాకా ఆయన స్కూటరు నా వెనక నడక కన్నా నెమ్మదిగా వచ్చింది. నాకు గొంతు తిరిగొచ్చింది. వచ్చిందంటే మామూలుగా రాలేదు. సుస్ల చల్లారిపోయింది. బట్టలంగడి పిల్ల సైకిలు, దాని వెనక నాది స్టాండు పడ్డాకే గిన్నె మూత తీశారు. సావుకారు కూడా స్కూటరు ఆపి మా పక్కన నిలబడ్డాడు. ఆయన చేతిలోకి ప్లేటు వచ్చాక నావైపు చూడకుండానే చెప్పాడు.

"సోమవారం నుంచి బడికి ఇద్దరు కలిసి పోవాలె. నా బిడ్డ ముందర, నువ్వు ఎనకల. పోయేటప్పుడు మా అంగడి ముందర నుంచే పోండ్రి. నీ నోరు నాకు వినపడాలె. వినపడకుంటే స్కూటరేసుకుని వస్త."

పదో తరగతి దాకా అలాగే పోయాం. అంగడి ముందుకు రాగానే నేను గొంతు పెంచేదాన్ని. లోపల బట్ట కొలుస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలేది.

నా చదువు అక్కడితో సరి. బట్టలంగడి పిల్ల ఇంకా చదివింది, ఇప్పుడు మస్కిలో బ్యాంకులో ఉద్యోగం. సెలవుకొచ్చిన ఆదివారం నా ముందే తొక్కుతుంది, ఇప్పటికీ నెమ్మదిగానే. మున్సిపాలిటీవాళ్ళు రోడ్డు పక్కన తెల్లగీత ఒకటి గీశారు, దాని మీద బండ్లు నిలబెడుతున్నారు, అది వేరే గొడవ. అర్జీలు పట్టుకుని అక్కా నేనూ ఇంకా తిరుగుతూనే ఉన్నాం.

నాకు కుదురు మాత్రం రాలేదు. ఆరోజు నుంచి నోటితోపాటు చెవి కూడా నిలవకుండా పోయింది. వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు ఆగితే లేచి వెళ్ళి చూస్తాను. ఫోనులో గలగలా మాట్లాడే మనిషి ఒకరోజు ఊఁ అని ఊరుకుంటే వాళ్ళింటికే వెళ్ళి కూర్చుంటాను. చాలాసార్లు ఏమీ ఉండదు. అవ్వ మళ్ళీ ముక్కు మీద వేలేసుకుంటుంది.

పోయిన ఆదివారం నా ముందు ఒక చిన్నపిల్ల కూనిరాగం తీస్తూ తొక్కుతోంది. ఉన్నట్టుండి రాగం ఆగింది. దగ్గరికి తొక్కి, "ఏమైందే?" అని గాభరాగా అడిగాను. బుగ్గ ఉబ్బించుకుని నావైపు తిరిగింది. నోట్లో బిస్కెట్టు. మింగేదాకా పక్కనే తొక్కాను. రాగం మళ్ళీ మొదలయ్యాక వెనక్కి వచ్చి నా మాటలు నేను అందుకున్నాను.