ఇచ్చేవాళ్లు లేని గది

నిన్న పోస్టాఫీసులో ఎవరిదో పార్సెల్ మీద ముద్ర వేయడానికి లక్క కరిగిస్తున్నారు. ఆ వాసన తగలగానే లక్క కార్ఖానాలో కూలి చేసిన సీతమ్మ, ఆమె వెనకే మా పాపారావు గారు గుర్తొచ్చారు. ఆయన విజయనగరం వైపు నుంచి వచ్చి బిలాస్‌పూరు కోర్టులో స్థిరపడిన ప్లీడరు, నాకు పని నేర్పిన గురువు. కోపిష్టి, భోజనప్రియుడు. వాదనకు లేస్తే ఎదుటివాడికి ఊపిరాడనిచ్చేవారు కాదు.

సీతమ్మ భర్త రైల్వే షెడ్డులో ఫిట్టరు. డ్యూటీ దిగి వస్తూ, సర్కారు రోడ్డు పనికి కంకర మోసే లారీ కింద పడి చనిపోయాడు. క్వార్టరు ఖాళీ చేయక తప్పలేదు. ఊరవతల తిఫ్రాలో ఒక ఆకుల పాకలో చేరింది. వానలు పడేలోగా పెంకుల గది ఒకటి వేసుకోవాలన్నదే ఆమె కోరిక. పాపారావు గారు సర్కారు మీద దావా వేశారు. ఓడిపోతామని తోచి సర్కారు వకీలు రాజీకి వచ్చాడు. దావా మానుకుంటే మంచి పరిహారం ఇస్తామన్నాడు.

కోర్టు తీర్పిస్తే ఖజానా కట్టి తీరాలి, శాసనసభ ఓటుతో పని లేదు. కోర్టు బయటి రాజీకి మాత్రం అప్పటి మా రాజధాని నాగపూరులో సభ మంజూరు చేయాలి. అది గురువుగారికి తెలుసు. కానీ తీర్పుకూ, ఆపై అప్పీలుకూ ఏళ్లు పడతాయని ఆయన భయం.

"డబ్బులిచ్చీది ఈ బాబేనా?" అని సీతమ్మ సర్కారు వకీలును చూపి అడిగింది.

"కాదమ్మా. నాగపూరు సభలో మెంబర్లు చేతులెత్తాల," అన్నారు పాపారావు గారు.

"ఆళ్లకి నానెవలో తెలుసేటి?"

ఆయన నవ్వారు. "తెలీక్కర్లేదే. వచ్చే సభ కూటంలో అయిపోద్ది. నా మాట నమ్మి వేలిముద్ర వెయ్యి."

వేసింది. ఆ సాయంత్రం ఆయన నాకు జిలేబీలు తినిపించారు.

కూటం రాలేదు, యుద్ధం వచ్చింది. తమను అడక్కుండా దేశాన్ని యుద్ధంలోకి దింపారని కాంగ్రెసు మంత్రులు రాజీనామా చేశారు, సభ మూతపడింది. ఎప్పుడు వెళ్లి అడిగినా పరిశీలనలో ఉందనే జవాబు. మళ్లీ దావా వేద్దామంటే గడువు దాటిపోయింది. మరుసటి వానాకాలం సీతమ్మ జ్వరంతో మంచం పట్టింది. మేం వెళ్లేసరికి కప్పు కారుతోంది.

"సభ కూకుందేటి బాబూ?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నారాయన. ఆ గొంతు అంత చిన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు.

"అచ్ఛా," అని అటు తిరిగి పడుకుంది. మర్నాడు పోయింది.

ఇంకొకరైతే ఆ కేసు ఊసెత్తేవారు కాదు. పాపారావు గారు బతికున్నన్నాళ్లూ, రాజీకి వచ్చిన ప్రతి కక్షిదారుకూ మా అందరి ఎదుటా ఆ కథ చెప్పేవారు. "గాల్లో దీపం పెట్టీసి దేవుడా నీ మహిమ అన్నాను. నన్ను నమ్మిన మనిషి తడిసి చచ్చిపోయింది," అనేవారు. వింటుంటే నాకు ఏడుపొచ్చేది.

ఇప్పుడు రాజీ పత్రం మీద సంతకం చేయించే ముందు నేనూ అడుగుతాను, డబ్బిచ్చేవాళ్లు ఈ గదిలో ఉన్నారా అని. లేరంటే కలం మూసేస్తాను. అది నా తెలివి అనుకుంటారు జూనియర్లు. సీతమ్మ అడిగిందే నేను అడుగుతున్నాను.