పెంచలయ్య పోతలో లేని పగులు

ఈ బరువు మోయడం నాకు అలవాటైపోయింది. అలవాటైంది కదా అని తగ్గలేదు. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పని మాట ఇది. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో నెల్లూరులో ఒక పంపుల ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. బయటినుంచి వచ్చిన సామాను పరీక్షించి, బాగుంటే పాస్ ముద్ర కొట్టడం నా పని. ముత్తుకూరు దగ్గర చిన్న కొలిమి పెట్టుకున్న పెంచలయ్య మాకు ఇనుముతో పంపు బాడీలు పోతపోసి పంపేవాడు. నీళ్లు నింపి ఎంత ఒత్తిడి పెట్టినా అవి చెమర్చేవి కావు.

ఒకరోజు యజమాని పిలిచాడు. ఆ పోత పని తన బావమరిదికి ఇవ్వాలనుకుంటున్నానని, పెంచలయ్య సరుకులో ఏదో ఒక లోపం కనపడితే బాగుంటుందని అన్నాడు. బెదిరించలేదు. అంతకుముందు ఎన్నడూ లేనిది, నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. ఆ కుర్చీకే లొంగిపోయానా? కనీసం భయపడి చేసి ఉంటే నా మీద నాకు ఇంత అసహ్యం ఉండేది కాదేమో. పెంచలయ్య సరుకంతా పగిలి ఉందని రాసి తిప్పి పంపాను.

మర్నాడు అతను ఒక బాడీని భుజాన పెట్టుకుని వచ్చాడు.

"పగులు యాడుండాదన్నా? చూపిస్తే సరిచేసుకుంటా."

"పైకి కనపడదు. లోపలుంది," అన్నాను.

అతను దాన్ని తడిమి తడిమి చూశాడు. కోప్పడతాడనుకున్నాను.

"నువ్వు చెప్పినాక ఉంటాదిలే అన్నా. నా చెయ్యే చెడినట్టుండాది," అన్నాడు.

ఇంటికి పోయి, ఆ పగులు కోసం ఒక్కొక్క బాడీనే సమ్మెటతో పగలగొట్టాడట. ఎక్కడా ఏమీ దొరకలేదట. దొరకకపోయేసరికి తన చూపు కూడా పోయిందనుకున్నాడట. అతని భార్య ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చి ఈ సంగతి చెప్పింది. ఒక్కసారి వచ్చి, పోత బాగుందని ఆయనకు చెప్పమని బతిమాలింది. సెలవు లేదన్నాను.

కొలిమి మూతపడింది. పెంచలయ్య ఉప్పుమళ్లలో కూలికి పోయాడు. బావమరిది పంపిన బాడీలు పరీక్షలో కారేవి. వాటికీ పాస్ ముద్ర కొట్టాను. కొన్నేళ్లకు పెంచలయ్య చనిపోయాడని విన్నాను. తన చెయ్యి చెడిందని నమ్మే పోయాడు.

ఆ చేతిలో ఏ లోపమూ లేదు. అబద్ధం రాసింది నేను. మన్నించాల్సినవాడు లేడు, అతని బదులు మిమ్మల్ని మన్నించమని అడగను. మాట మాత్రం బయటికి వచ్చింది. కొంచెం ఊపిరి ఆడుతోంది. ఆ మాత్రం సుఖానికైనా నాకు అర్హత ఉందా అనుకుంటూనే, పీల్చుకుంటున్నాను.