తాడుకు ఇవతలి బతుకమ్మ

దసరాకు ముందర అడాజన్‌లో మా ఫ్లాట్ల గేటు పక్కన ఒకావిడ గోనెపట్టా పరిచి బంతిపూలు కుప్పలుగా పోసుకుని కూర్చుంటుంది. స్కూటర్ల పొగను, పక్క బండి మీద మరిగే నూనె వాసనను తోసుకుంటూ ఆ పూల ఘాటైన పచ్చివాసన ముక్కుకు తగిలిందంటే చాలు, చేతిలోని కూరల సంచీ, ఎక్కాల్సిన లిఫ్టు, పైన నా కోసం కాచుకుని ఉన్న వంటిల్లు అన్నీ కాసేపు గుర్తుండవు. ఆ వాసనకు అందరికీ పండుగ కళ వస్తుందంటారు. నాకు రాదు. మా అక్క సరోజన చదువు ఆ వాసనలోనే ఆగిపోయింది మరి.

తొంభైలలో మేం ఇదే గుజరాతీ నగరంలో, నవాగామ్ అనే పేటలో, ఒకే వరండాకు గదులన్నీ వరుసగా అతుక్కుని ఉండే చాలీలో ఉండేవాళ్ళం. ఊళ్ళో మగ్గం మూలన పడితే మూటాముల్లె సర్దుకుని రైలెక్కి వచ్చిన తెలంగాణ ఇళ్ళే అన్నీ. ఎండాకాలం రేకుల కప్పు నిప్పులు కక్కితే తడిపిన చీరలు పైన పరిచి కింద పడుకునేవాళ్ళం. వానాకాలం వెనక ఖాడీ అనే మురికి వాగు పొంగి వరండా మెట్లదాకా వస్తే చెప్పులు, చాటలు, సిలిండర్ అన్నీ మంచాల మీదికెక్కేవి. చలికాలం పొద్దున్నే తల్లులు పొయ్యిమీద జొన్న రొట్టె కాలుస్తుంటే ఆ పొగలో కూర్చుని పళ్ళు తోముకునేవాళ్ళం. ఏ కాలమైనా మారనిది ఒక్కటే, పవర్‌లూమ్‌ల చప్పుడు. కరెంటు పోయి అది ఆగితేనే మాకు మెలకువ వచ్చేది. కార్ఖానాల్లో పారేసిన నూలు కండెల కాగితపు గొట్టాలు మాకు బొమ్మలు, ఇటుకలు, తుపాకులు; ఆడపిల్లలం వాటినే గుండ్రంగా పేర్చి, పైన ఒక మట్టి ముద్ద గౌరమ్మను పెట్టి, ఏడాది పొడుగునా బతుకమ్మ ఆడుకునేవాళ్ళం.

మా బాపు ఒక వారం పగటి పాలి, ఒక వారం రాత్రి పాలి. పాలి అంటే పన్నెండు గంటల షిఫ్టు. కనుబొమల మీద నూలు దూది, బనీను మీద మిషన్ నూనె వాసనతో ఆయన ఇంట్లో అడుగుపెట్టేసరికి అమ్మ మిల్లు నుంచి వచ్చిన చీరల కట్ట ముందేసుకుని, వెనకవైపు వేలాడే దారాలు కత్తెరతో తీస్తూ ఉండేది. ఆయనకు తిండి, నిద్ర; ఈమెకు కత్తెర, పొయ్యి. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నది నేను చూసింది తక్కువ. ప్రేమ లేక కాదు, తీరిక లేక.

ఆ చాలీ మొత్తానికి చదువుల తల్లి మా అక్కే. చాయ్ హోటల్‌కు రెండ్రోజులు ఆలస్యంగా వచ్చే తెలుగు పేపర్ అడిగి తెచ్చుకుని వరండాలో గట్టిగా చదివేది. చుట్టూ ఆడవాళ్ళు దారాలు కత్తిరిస్తూ, ఎక్కడి హత్యకో ఇక్కడ అయ్యో అంటూ వినేవాళ్ళు. ఒక ఏడాది ఆమె ఏడో తరగతి ఫస్టున పాసైంది. అక్కడితో గోడ. మా బడిలో తెలుగు ఏడు దాకే ఉండేది. గుజరాతీ బడికి తీసుకుపోతే, మాట్లాడడం వచ్చినా రాయడం రాదు కాబట్టి ఐదో తరగతిలో కూర్చోమన్నారు. పొడుగ్గా ఎదిగిన పిల్ల, చిన్నపిల్లల మధ్య బెంచీ మీద మోకాళ్ళు ముడుచుకుని రెండు రోజులు కూర్చుంది, మూడోనాడు పోనంది. మిల్లు గుడ్డ ముక్కలతో అట్టలు కట్టిన పుస్తకాలు అటక మీద పెట్టి, అమ్మ పక్కన కత్తెర పట్టుకుంది. "దీవాలి దాక్నే," అనేది అడిగిన వాళ్ళకల్లా. ఎందుకంటే దీవాలి సెలవుల తర్వాత ఎనిమిదో తరగతి పెట్టిస్తామని మా వాళ్ళ సంఘం మాటిచ్చింది.

సంఘానికి బోర్డు మీద పొడుగాటి పేరుండేది, ముందర సేవ అని, వెనక సమితి అని. పూర్తిగా పలికినవాణ్ణి నేను చూడలేదు. ఎవరైనా పోతే శవాన్ని ఊరికి పంపడానికి బండి మాట్లాడడం, ఖాడీ పొంగితే గిన్నెలకొద్దీ కిచిడీ వండి పంచడం, దవాఖానలో రక్తం కావాలంటే కుర్రాళ్ళను లేపుకుపోవడం, ఇవీ దాని పనులు. నిజంగా చేసేవాళ్ళు, అది కాదనను. పెద్దమనిషి రాజేశం మామ, ఒక కార్ఖానాలో లూమ్‌లు బాగుచేసే మాస్టరు. తెల్లచొక్కా జేబులో రెండు పెన్నులు, మాటకు ముందు ఒక దగ్గు. ఆదివారం పొద్దున రాత్రి పాలి దిగినవాళ్ళు దిగినట్టే మీటింగుకు వచ్చేవాళ్ళు. బాపు కునుకు తీస్తే గిల్లమని అమ్మ నన్ను వెంట పంపేది. నేను మాత్రం చివర్లో పంచే శెనగపిండి ఖమన్ ముక్కల కోసం పోయేదాన్ని. లూమ్‌ల మధ్య బతికి బతికి వాళ్ళ చెవులు సగం పోయాయి కాబట్టి ఎదురుగా కూర్చుని కూడా అరుచుకునేవాళ్ళు, మధ్యమధ్య కార్ఖానా సైగలే చేసుకునేవాళ్ళు. బయట పోయేవాళ్ళకు అది పోట్లాటలా వినిపించేది. లోపల సగం మంది గోడకానుకుని గురకపెడుతుండేవాళ్ళు.

బతుకమ్మకు ముందటి ఒక ఆదివారం మాత్రం బాపును గిల్లాల్సిన పని పడలేదు. ఎర్రబడ్డ కళ్ళతో నిటారుగా కూర్చున్నాడు.

"ఎనిమిదో తరగతికి రూము గావాలె, సార్ గావాలె," అన్నాడు రాజేశం మామ దగ్గి. "చందాలడిగి అడిగి మొఖం చెల్తలేదు. గుజరాతీలు గర్బాకు పాసులు పెడ్తలేరా? సద్దుల బతుకమ్మనాడు గ్రౌండ్ కిరాయికి తీస్కుందాం, లైట్లు, మైకు పెట్టిద్దాం. గేటు కాడ పాస్ పెడ్దాం. ఒక్క రాత్రిల బడి లేస్తది."

"ఆడోళ్ళనొకమాట అడుగుదామా?" అన్నారెవరో వెనకనుంచి.

"గిండ్ల అడిగేదేమున్నదే. ఆడేది వాళ్ళే, సదివేది వాళ్ళ పిల్లలే," అన్నాడు రాజేశం మామ.

చేతులెత్తమంటే అందరికన్నా ముందు లేచింది బాపు చెయ్యి. అది దూది పడ్డ చెయ్యి, గోళ్ళలో నల్లనూనె ఇంకిన చెయ్యి. సంఘంలో ఆయన నోరు తెరవగా నేను ఎన్నడూ చూడలేదు, ఆ చెయ్యి మాత్రం సరోజన కోసం చాలాసేపు దించలేదు.

ఇంటికొచ్చి నేనే అమ్మకు చెప్పాను. అమ్మ కత్తెర ఆపి పకపకా నవ్వింది. "బతుకమ్మకు టికెటా? రేపు తులసమ్మకు నీళ్ళు పొయ్యెటందుకు గూడ చిట్టీ అడుగుతరు. మీ బాపు నిద్రల ఏమో ఇన్నడు, నువ్వొకదానివి." బాపు అప్పటికే గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన లేచేసరికి అమ్మ నీళ్ళ పంపు దగ్గరుంది. మర్నాటి నుంచి ఆయనకు పగటి పాలి. ఆ మాట మళ్ళీ మా ఇంట్లో రాలేదు, ఏ ఇంట్లోనూ వచ్చినట్టు లేదు.

బతుకమ్మ మొదలయ్యే పెత్తరమాస నుంచి తొమ్మిది రోజులు చాలీలో కాలు పెట్టే చోటుండేది కాదు. తెల్లారకముందే సంచులు పట్టుకుని రైలు పట్టాల వెంట నడిచి గునుగు కోసుకొచ్చేవాళ్ళం. ఊరి నుంచి వచ్చేవాళ్ళు తడితువాలలో చుట్టి తెచ్చిన తంగేడు ఇంటికో గుప్పెడు పంచేవాళ్ళు. వాడిపోయి ఉన్నా దానికి దండం పెట్టేది అమ్మ. డైయింగ్ మిల్లులో పనిచేసేవాళ్ళు పొట్లాల్లో తెచ్చిన రంగు నీళ్ళలో గునుగు ముంచితే, ఊళ్ళో ఏ బతుకమ్మకూ రాని నీలాలు, గులాబీలు వచ్చేవి, మా చేతులు దీవాలి దాకా ఆ రంగు వదిలేవి కావు. ఆఖరి రోజు, సద్దుల నాడు నువ్వుల పొడి దంచుతున్న వాసన, చింతపండు పులుసు ఉడుకుతున్న వాసన, పెరుగన్నంలో తాలింపు చుయ్యిమన్న చప్పుడు, రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు దాచిన డబ్బా మీద ఈగలు, ఈగల మీద మేము. మధ్యాహ్నం అక్క తలస్నానం చేసి పసుపు ముద్దతో గౌరమ్మను చేసింది. తమలపాకు మీద పెట్టి, చేతులు జోడించి, పెదవులు కదిలిస్తూ ఎంతకీ లేవలేదు.

"ఏమడిగినవే గంతసేపు?" అంది అమ్మ.

"ఎనిమిదో తరగతి."

అమ్మ అక్క తల మీద చెయ్యి పెట్టి తీసింది.

సాయంత్రం ఆడవాళ్ళంతా కొత్తచీరల్లో, బతుకమ్మలు నెత్తిన పెట్టుకుని, బారుగా గ్రౌండుకు నడిచాం. దూరం నుంచే సీరియల్ బల్బులు మినుకుమినుకుమంటున్నాయి. దగ్గరికి పోయేసరికి గ్రౌండు చుట్టూ కర్రలు పాతి తాడు కట్టి ఉంది; ఒక్కచోట ఖాళీ, అక్కడ టేబులు, టేబులు వెనక రాజేశం మామ, ఆయన ముందు గులాబీరంగు పాసుల కట్టలు.

"చెల్లె, తలా ఒక పాస్ తీస్కోండ్రి," అన్నాడు ప్రేమగానే. "మన బడి కోసమే."

బారు ఆగిపోయింది. వెనకవాళ్ళు ఏమైందేమైందని తోసుకున్నారు. చాలీలో అందరికన్నా పెద్దది నర్సవ్వ, ఆమె ముందుకొచ్చి ఆ పాసును అటూ ఇటూ తిప్పి చూసింది. "పూలు నేను తెచ్చిన. గౌరమ్మను నేను చేసిన. పాట నా నోట్లది. నడుమ గీ కాయితమెవనిదిరా రాజేశం?"

"అవ్వా, గట్లగాదు, జర సమజ్ జేస్కో..."

అందరూ అమ్మ వైపు చూశారు. పాట ఎత్తుకునేది ఎప్పుడూ మా అమ్మే. నెత్తిన బతుకమ్మ, మెడ కదలడం లేదు. తాడుకు అవతల బల్బుల కింద బాపు నిలబడి ఉన్నాడు, ఇవతల చిన్న బతుకమ్మ పట్టుకుని అక్క నిలబడి ఉంది. బాపు కార్ఖానాలోలా చేత్తో సైగ చేశాడు, రా, లోపలికి రా అని. అంత దూరం నుంచీ ఆ చెయ్యి బతిమాలుతున్నట్టే ఉంది. అమ్మకు ఎనిమిదో తరగతి సంగతి తెలియదా, మధ్యాహ్నమే విన్నది. ఆమె ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది.

"అన్నా, బిడ్డ సదువుకు బిచ్చమెత్తుమంటే ఇంటింటికి దిరిగి ఎత్తుత," అంది చివరికి. "గౌరమ్మను అమ్మి మాత్రం సదివియ్య."

తాడుకు ఇవతల, రోడ్డు మీదే బతుకమ్మను దించింది. నర్సవ్వ దాని పక్కన దించింది. తర్వాత ఒకటొకటే, రోడ్డంతా పూలగోపురాలు లేచాయి. అమ్మ పాట ఎత్తుకుంది. టెంపోలు ఆగిపోయాయి, గుజరాతీ వాళ్ళు, మరాఠీ వాళ్ళు మిద్దెలెక్కి చూశారు. అంత పెద్ద బతుకమ్మ నవాగామ్‌లో అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు. లోపల మాత్రం బల్బుల కింద మైకు, కుర్చీలు, చేతులు కట్టుకున్న మగాళ్ళు. అక్క కూడా వంగి, చప్పట్లు కొడుతూ ఆ వలయంలో తిరిగింది. ఒక్క చప్పటా తప్పలేదు. నా ఎదుట నుంచి పోయిన ప్రతిసారీ చూశాను, ఆమె కళ్ళు తాడు మీదే ఉన్నాయి.

మర్నాడు ఆడవాళ్ళు వాళ్ళకు తోచినంత డబ్బు కొంగున కట్టుకుని తీసుకుపోయి రాజేశం మామ చేతిలో పోశారు. ఒకరిమీద ఒకరికి కోపం లేదు, ఆయన కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయట. అదంతా గ్రౌండుకు, టెంటుకు, లైట్లకు, మైకుకే సరిపోయింది, బడికి ఏమీ మిగల్లేదు. తర్వాతి ఆదివారం మీటింగులో, పాసులకు మేమెప్పుడు ఒప్పుకున్నామని రెండో పాలి వాళ్ళు లేచారు. ఆ వారం వాళ్ళు పనిలో ఉన్నారు మరి. అరుపులు ఈసారి నిజంగానే పోట్లాట. సంఘం రెండైంది, రెండూ మెల్లగా లేకుండా పోయాయి. దీవాలి వచ్చింది, పోయింది. అక్క "దీవాలి దాక్నే" అనడం మానేసింది, అంతే, ఏడవలేదు, అడగలేదు. పాసుల కట్టలు చాలీలో ఇంటింటికీ చేరి, వెనకవైపు తెల్లగా ఉంటే పిల్లలం లెక్కలు చేసుకున్నాం.

మరుసటి జూన్‌లోనే బాపు నన్ను తెలుగు బడి నుంచి తీసి గుజరాతీ బడిలో వేశాడు, చిన్నదాన్ని కాబట్టి సరిపోయింది. నేను చదివాను, హజీరా కంపెనీలో పనిచేసే ఆయనను చేసుకున్నాను, అడాజన్‌కు వచ్చాను. ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగంతా బడిలో వచ్చింది కాదు. మధ్యాహ్నాలు చీరల కట్ట పక్కన కూర్చోబెట్టి, కత్తెర మొనతో నేలమీద గీసి, అక్క నేర్పింది. బాపు లూమ్ దగ్గరే దగ్గి దగ్గి పోయాడు. పోయేదాకా అమ్మతో ఆ రాత్రి గురించి ఒక్క మాటా అనలేదు, అమ్మా ఆయనతో అనలేదు. అక్క నవాగామ్‌లోనే ఉంది, చీరలకు లేసు కుడుతుంది. ఆ చాలీ లేదు, పట్టాల పక్కన గునుగు లేదు, తెలుగు పేపర్ చదివి వినిపించేవాళ్ళూ వినేవాళ్ళూ లేరు.

పోయిన ఏడు అమ్మను తీసుకుని అక్కా నేనూ, పెళ్ళిళ్ళకు కిరాయికిచ్చే ఒక పార్టీ ప్లాటులో బతుకమ్మకు పోయాం. గేటు దగ్గర నల్ల టీషర్టుల కుర్రాళ్ళు, మన వాళ్ళ పిల్లలే, డబ్బు తీసుకుని మణికట్టుకు కాగితపు పట్టీ అతికిస్తున్నారు. ముగ్గురిదీ అక్కే ఇచ్చింది, నన్ను ఇవ్వనివ్వలేదు. అమ్మ చెయ్యి చాపింది.

"దేనికి బిడ్డా గీ పైసలు?" అని అడిగింది పట్టీ అతికిస్తున్న పిల్లవాణ్ణి.

వాడికి తెలుగు అర్థమైంది కానీ నోటికి రాలేదు. "డీజే కా ఖర్చా హై, మాసీ," అన్నాడు.

అమ్మ లోపలికి పోలేదు. గేటు మధ్యలో నిలబడి ఆ పట్టీని ఇంకో చేత్తో తడుముకుంది. లోపల ఎవరో కట్టించి పెట్టిన బంతిపూల బతుకమ్మ ఒక్కటి స్టేజీ మీద ఉంది, పాట స్పీకర్లోంచి వస్తోంది.

"గప్పుడు గూడ గిట్ల చెయ్యి చాపితే అయిపోతుండె గదనే, సరోజనా," అంది.

ఇన్నేళ్ళకు ఆ మాట. నేను అక్క ముఖం చూడలేకపోయాను.

"జర జరుగమ్మా," అంది అక్క, అమ్మ భుజం మీద చెయ్యి వేసి. "ఎనుక లైనున్నది."